చూడకుండా రాసిన మాట

పైడిరాజుకి చేతులు వణికేవి.

అన్నిటికీ కాదు. కుట్లు వేసేటప్పుడు వణకవు. నరం దొరకని పసిపిల్లలకి సూది గుచ్చాలంటే నర్సులే వెతుక్కుంటూ వచ్చి అతన్ని పిలుచుకుపోయేవారు. శరీరశాస్త్రంలో కాలేజీకే మొదటివాడు, బంగారు పతకం అందుకున్నవాడు. కానీ ఆడవాళ్లకి లోపలి పరీక్ష చెయ్యాల్సి వచ్చేసరికి, చేతికి తొడుగు వేసుకుంటుండగానే వేళ్లు అదిరేవి. ఒకసారి తొడుగులో ఒకే వేలి అరలోకి రెండు వేళ్లు దూరిపోయాయి.

ఇది ముప్పయ్యేళ్ల కిందటి మాట. ఉత్తరాంధ్ర తీరంలో ఒక పట్టణం, అందులో ఒక పెద్దాసుపత్రి. చేతి తొడుగులు ఉతికి, ఆరబెట్టి, పౌడరు చల్లి మళ్లీ వాడే రోజులు. పరీక్షలు పాసై ఏడాదిపాటు ఆసుపత్రిలో పని నేర్చుకునే కుర్ర డాక్టర్లని హౌస్ సర్జన్లు అంటారు. వాళ్లు ఒక్కో విభాగంలో కొన్నాళ్లు చొప్పున తిరగాలి. తిరిగి తిరిగి పైడిరాజు స్త్రీల విభాగానికి వచ్చాడు.

అక్కడ పెద్ద డాక్టరు వేదవల్లి గారు. పొట్టి మనిషి. రబ్బరు చెప్పులు, నేత చీర, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. మాట తక్కువ. విద్యార్థి తప్పు చెబితే తిట్టేది కాదు, "మళ్లీ చూసిరా" అనేది. అంతే. ఆ రెండు మాటలకి భయపడినంతగా పిల్లలు వేరే ప్రొఫెసర్ల కేకలకి భయపడేవారు కాదు.

పైడిరాజు వణుకు ఎక్కడ మొదలైందో అతనికి బాగా తెలుసు. అప్పటికి మూడేళ్ల ముందు, ఇంకా చదువుకుంటున్నప్పుడు, ఒక సీనియర్ డాక్టరు ఆరుగురు విద్యార్థుల్ని వరసలో నిలబెట్టాడు. లోపలి పరీక్ష కోసం బల్ల మీద ఒక అమ్మాయి పడుకుని ఉంది. ఇరవయ్యేళ్లు ఉంటాయేమో. "ఒక్కొక్కరే రండి, చూసి పక్కకి తప్పుకోండి" అన్నాడు. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె మొహం గోడవైపు తిప్పుకుని పైట చెంగు పళ్ల మధ్య నొక్కిపట్టింది. పైడిరాజుది ఐదో వంతు. తన వంతు వచ్చేసరికి ఆమె కంటి కొసనుంచి నీళ్లు చెవిలోకి జారడం కనిపించింది. వరసలోంచి తప్పుకుని బయటికి వచ్చేశాడు.

హాస్టల్లో చాలా రోజులు నవ్వుకున్నారు. "వీడు పెళ్లికి పనికిరాడ్రా" అన్నారు. పైడిరాజు కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. ఆ తర్వాత ఆ బల్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకునేవాడు. పరీక్షల్లో కూడా అదృష్టం కలిసొచ్చి గట్టెక్కాడు.

ఈసారి పక్క గదిలో సుభాషిణి ఉంది, అతని తోటి హౌస్ సర్జన్. "మగవాడు చూస్తే వాళ్లు సిగ్గుపడతారు, నువ్వే చూడవా" అని ఆ కేసులన్నీ ఆమెకి పంపేవాడు. ఆమెకి అనుమానం రాలేదు. పైగా మంచివాడు అనుకుంది.

ఒక సోమవారం సుభాషిణి సెలవు పెట్టింది.

ఆ రోజు పైడిరాజు గదికి ఒక చేపలావిడ వచ్చింది. పేరు నూకరత్నం, వయసు నలభై తొమ్మిది. ఊరు కొండరేవు. నెలసరి ఆగిపోయి మూడేళ్లయింది. మళ్లీ మూడు నెలలుగా రక్తం పోతోంది.

ఇవన్నీ అడిగి శ్రద్ధగా రాసుకున్నాడు. ఆగిపోయిన నెలసరి మళ్లీ కనబడితే లోపల చూసి తీరాలని ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. తను చదివిన పుస్తకంలో ఎడమవైపు పేజీలో, పైనుంచి మూడో వరసలో ఉంటుందని కూడా అతనికి గుర్తుంది.

నూకరత్నం స్టూలు మీద కూర్చుని బల్లవైపు ఒకసారి చూసింది. పైడిరాజూ ఒకసారి చూశాడు.

"నీరసంగా ఉంటోందా?" అన్నాడు.

"ఉంటాది బాబూ, కొంచెం."

"రక్తం పట్టడానికి మాత్రలు రాస్తాను. పొద్దున ఒకటి వేసుకో. అంతా బాగానే ఉంది."

ఆవిడ చటుక్కున లేచింది. "సంతకి ఏళైపోతంది బాబూ" అంటూ చీటీ పుచ్చుకుని గబగబా వెళ్లిపోయింది.

పైడిరాజు కేసు కాగితం ముందుకి లాక్కుని రాశాడు: "లోపలి పరీక్ష చేశాను. మామూలుగా ఉంది."

ఆ మాట రాసేటప్పుడు చెయ్యి వణకలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఓపీ అయిపోయాక వేదవల్లి గారు గదిగదికీ తిరిగి కాగితాల మీద సంతకాలు పెడుతూ వచ్చింది. పైడిరాజు గదిలో నూకరత్నం కాగితం దగ్గర ఆగింది. చదివింది. తర్వాత గోడవారగా ఉన్న ట్రే వైపు చూసింది. పరికరాల మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ, పొద్దున ఆయమ్మ సింహాచలం వేసిన ముడి, ఎవరూ విప్పకుండా అలాగే ఉన్నాయి.

పైడిరాజు కూడా ఆ ముడిని అప్పుడే చూశాడు.

 మేడమ్ కాగితం అతనివైపు తిప్పి, దాని మీద తన పెన్ను పెట్టింది.

 పైడిరాజు పెన్ను తీసుకున్నాడు. రాసిన మాటని ఒక గీతతో కొట్టేసి, కింద "చూడలేదు" అని రాశాడు. పేరు రాసి సంతకం పెట్టాడు. మేడమ్ ఆ పక్కన తన సంతకం పెట్టింది.

"ఆవిడ ఎక్కడ దొరుకుతుంది?"

"సంతలో ఎండుచేపలు అమ్ముతుంది మేడమ్. ఆయమ్మని పంపి పిలిపిద్దామా?"

"పిలిపించి ఏం చెప్తావు?"

అతను ఆ కాగితంకేసి చూశాడు.

"పద" అంది మేడమ్.

సంత ఆసుపత్రికి అరమైలు. రిక్షా పిలుస్తానంటే వద్దంది. ఎండలో చీర చెంగు తలమీద కప్పుకుని ముందు నడిచింది. దారి పొడుగునా ఆమె ఏదో ఒకటి అంటుందని, అంటే కాస్త తేలికవుతుందని పైడిరాజు ఎదురుచూశాడు. ఆమె బుగ్గలో లవంగం అటునుంచి ఇటు మార్చిందే తప్ప నోరు విప్పలేదు.

ఎండుచేపల వరసలో నూకరత్నం నెత్తళ్లనే సన్నచేపల కుప్ప ముందు కూర్చుని ఉంది. పక్కన కవళ్లు, సావళ్లు, ఇంకా పెద్ద ఎండుచేపల కట్టలు. ఆసుపత్రి మనుషుల్ని చూసి కంగారుగా లేవబోయింది.

"ఏటి డాక్టరమ్మా, ఇలాగొచ్చినారు? నెత్తళ్లు కావాలా?"

"బేరానికి రాలేదు రత్నం, కూర్చో. ఇతను నీతో మాట్లాడతాడట." వేదవల్లి గారు గోనెపట్టా అంచున తనూ చతికిలబడింది. ఆ తర్వాత ఆ మాటలతో తనకేమీ పనిలేనట్టు ఒక కవళ్ల కట్ట చేతిలోకి తీసుకుని చూడసాగింది.

పైడిరాజు నిలబడే మొదలుపెట్టాడు. "అమ్మా, పొద్దున మీ పరీక్ష విషయంలో చిన్న పొరపాటు జరిగింది..."

నూకరత్నం మొహం ఖాళీగా ఉంది. అతనికి తన గొంతే ఎవరిదోలా వినిపించింది. అతను కూర్చున్నాడు. అయిదేళ్లుగా కాలేజీలో దాచుకున్న ఇంటి భాష నోట్లోంచి వచ్చేసింది.

"పొద్దున నిన్ను నాను సూడనేదమ్మా. సూసినానని కాయితమ్మీద రాసీసినాను. అబద్దం."

నూకరత్నం చేతిలోని తక్కెడ కింద పెట్టింది. అతన్ని తేరిపార చూసింది. తర్వాత పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నాకు తెలీదేటి? నాను బల్లెక్కనేదు కదా!"

పైడిరాజు తలవంచుకున్నాడు.

"అంతా బాగుందన్నావు. అమ్మయ్య, బతికిపోనాను అనుకున్నాను." ఆమె నవ్వు ఆగిపోయింది. "మా సిన్నోడు పుట్టినప్పుడు ఇలాగే ఒక బల్ల మీద పడుకోబెట్టినారు బాబూ. తలుపు తీసే ఉంది. వొచ్చినోడు వొచ్చినట్టు సూసి పోనాడు. వోళ్లెవరో, ఎందుకు సూసినారో నాకెవులూ సెప్పనేదు. మళ్లీ ఆ బల్లెక్కడం కంటే సచ్చిపోడం నయం అనుకున్నాను. పొద్దున నిన్ను సూత్తే నీకూ బయమే. ఇంకేటి, ఇద్దరం కలిసి తప్పించీసుకున్నాం."

ఎండుచేపలు కొనడానికి ఎవరో ముసలాయన వచ్చాడు. నూకరత్నం రెండు దోసిళ్ల నెత్తళ్లు తూచి పొట్లం కట్టి ఇచ్చింది. ఆయన డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

"రక్తం ఆగిందా?" అంది వేదవల్లి గారు.

"నేదమ్మా. పాత సీర సగం సింపీసినాను."

"చూడాలి రత్నం."

"నాను రాను."

"సరే" అంది మేడమ్. లేచి వెళ్లిపోతుందేమోనని పైడిరాజు హడలిపోయాడు. ఆమె లేవలేదు. పడిపోతున్న కవళ్ల కట్టని సరిచేసి పెట్టింది. ఇంకో బేరం వచ్చింది, వెళ్లింది. నూకరత్నం ఓరకంట ఇద్దరినీ చూస్తోంది.

"సూత్తే ఏటవుద్ది?" అంది చివరికి. మేడమ్‌ని కాదు, పైడిరాజుని అడిగింది.

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. పరీక్షల్లో కూడా. ఏ పరికరం, ఏ చేత్తో, ఏ కోణంలో అనే అడిగారు. బల్ల మీద పడుకున్న మనిషికి ఏమవుతుందో అతను ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు. తల్లికి చెప్పినట్టు మెల్లిగా చెప్పుకొచ్చాడు.

"ముందు తలుపేసేస్తాం. డాక్టరమ్మా, ఆయమ్మా ఉంటారు. ఇంకెవులూ రారు. నీకు దుప్పటి కప్పుతాం. లోపల సూడ్డానికి ఇనప సామానొకటి ఉంటాది, దాన్ని ఎచ్చని నీళ్లల్లో పెట్టి తీస్తాం, సల్లగా తగలకండా. కొంచెం బిగువుగా ఉంటాది. రెండు నిమసాలు. ఏటి సేస్తన్నామో ముందు సెప్పి సేస్తాం. నువ్వాపమంటే ఆపేస్తాం."

"ఆపమంటే ఆపేస్తారా?"

పైడిరాజు మేడమ్‌వైపు చూశాడు. ఆమె అతనివైపే చూస్తోంది, నువ్వన్న మాటేగా అన్నట్టు.

"ఆపేస్తాం" అన్నాడు.

నూకరత్నం తక్కెడ చేతిలోకి తీసుకుని పళ్లేల్లో అంటుకున్న పొలుసులు గోటితో గీకింది.

"రేపొస్తాను. ఈ సరుకు అమ్ముకోనీ." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "నువ్వుంటావా బాబూ?" అంది.

"నువ్వుండమంటే ఉంటాను."

"ఉండు. అబద్దమాడినానని నా ఎదరకొచ్చి సెప్పినోడివి నువ్వొక్కడివే."

మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది. బల్ల దగ్గర నిలబడి దాన్ని కాసేపు చూసి, ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. సింహాచలం తలుపు గడియ పెట్టి, దుప్పటి మోకాళ్లదాకా కప్పింది.

పైడిరాజు తొడుగులు వేసుకున్నాడు. వేళ్లు అదురుతూనే ఉన్నాయి. వేదవల్లి గారు అది చూసింది. అయినా అతని బదులు తనే చూస్తానని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లలేదు. నూకరత్నం కుడిచెయ్యి తీసుకుని, దాన్ని పైడిరాజు మణికట్టు మీద పెట్టింది.

"నొప్పనిపిస్తే నెట్టెయ్" అని ఆవిడతో అంది. అంతే. వెళ్లి ఆవిడ తల దగ్గర నిలబడింది.

నూకరత్నం వేళ్లు గరుగ్గా, ఉప్పుకి పగిలి ఉన్నాయి. మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి.

"ముందు పొట్ట మీద చెయ్యి వేస్తున్నాను" అన్నాడు పైడిరాజు. వేశాడు. "ఇప్పుడు కింద తాకుతాను. చల్లగా ఉందా?"

"నేదు."

"ఇప్పుడు లోపలికి..."

మణికట్టు మీద వేళ్లు బిగిశాయి. నెట్టేశాయి.

పైడిరాజు ఆగిపోయాడు. చెయ్యి పూర్తిగా వెనక్కి తీసుకుని దుప్పటి కిందికి లాగాడు. బయట బెంచీ మీద ఇంకా పన్నెండుమంది ఉన్నారు. సింహాచలం గోడ గడియారంవైపు చూసింది. మేడమ్ అటు చూడలేదు. ఎవరూ "ఏం కాదు" అనలేదు, "కొంచెం ఓర్చుకో" అనలేదు. నూకరత్నం కప్పువైపు చూస్తూ ఊపిరి పీల్చుకుంటోంది.

నిజంగా ఆగిపోయారని ఆవిడకి నమ్మకం కుదరడానికి కొంతసేపు పట్టింది.

"ఊఁ. కానీ" అంది. చెయ్యి చాచి అతని మణికట్టుని మళ్లీ తనే వెతికి పట్టుకుంది.

ఈసారి నెట్టలేదు. పైడిరాజు చూడవలసింది చూశాడు. గర్భసంచి ముఖద్వారం మీద, ఒక పక్కగా, కందిబద్ద కంటే కాస్త పెద్దది, ఎర్రటి పుండు. దూది తాకితే చాలు, రక్తం చిమ్మింది. మేడమ్ వచ్చి చూసింది. చిన్న ముక్క తీసి సీసాలో వేసింది. రత్నంతో, "ఒక పుండు ఉంది. ముక్క పరీక్షకి పంపుతున్నాం. ఏంటన్నది వారంలో తెలుస్తుంది. తెలిసింది తెలిసినట్టు చెప్తాం" అంది.

"సెడ్డదా అమ్మా?"

"కావచ్చు."

నూకరత్నం చీర సర్దుకుని బల్ల దిగింది. పైడిరాజు తొడుగులు తీస్తున్నప్పుడు గమనించాడు. చేతి వణుకు ఎప్పుడు ఆగిందో అతనికి తెలియలేదు. అప్పటికి దాని సంగతే అతనికి గుర్తు లేదు.

వారం తర్వాత కాగితం వచ్చింది. అది చెడ్డదే. కానీ ఇంకా మొదటి దశలో ఉంది, ఎక్కడికీ పాకలేదు. ఆ మాట ఆవిడకి పైడిరాజే చెప్పాడు. ఆవిడ ఏడ్చింది. అతను పక్కనే కూర్చున్నాడు. వేదవల్లి గారు ఆపరేషన్ చేస్తే అతను పక్కన నిలబడి పరికరాలు అందించాడు. ఆ మాత్రలు మింగుతూ ఆర్నెల్లు ఆగి ఉంటే ఏమయ్యేదని అతను ఎవర్నీ అడగలేదు. ఎవరూ అతనికి చెప్పలేదు. ఆ జవాబు పుస్తకంలో అదే పేజీలో ఉంది.

ఇరవై రోజులకి నూకరత్నం తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లింది.

ఆ మర్నాడు వచ్చిన పేషెంట్లలో ఒక కొత్త పెళ్లికూతురు ఉంది. కాళ్లకి పారాణి ఇంకా పోలేదు. కడుపులో నొప్పి. వెంట అత్తగారు, గట్టి మనిషి.

"మా కోడలికి సిగ్గెక్కువ బాబూ. దాన్నేం అడక్కండి, మీరు చూసెయ్యండి" అందావిడ.

పైడిరాజు అత్తగారిని బయట కూర్చోమన్నాడు. ఆవిడ గొణుక్కుంటూ వెళ్లింది. సింహాచలం తలుపు దగ్గర నిలబడింది. అతను స్టూలు లాక్కుని ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చుని, ఏం పరీక్షో, ఎందుకో, ఎంతసేపో చెప్పాడు. మణికట్టు చూపించి, దీన్ని పట్టుకోవచ్చు, నెట్టెయ్యవచ్చు అని కూడా చెప్పాడు. ఇదివరకెప్పుడూ ఇంత బాగా చెప్పలేదనిపించింది.

"చూడమంటావా అమ్మా?"

ఆ అమ్మాయి నేలవైపు చూసింది.

"వద్దండీ" అంది, వినీ వినపడనట్టు.

ఇన్నాళ్లూ అయితే ఆ మాట కోసం అతను దేవుళ్లకి మొక్కుకునేవాడు. ఇప్పుడు గుండెలో చిన్న దెబ్బ తగిలింది.

"సరే. మా మేడమ్ గారిని పిలవనా?"

ఆమె తలూపింది.

వేదవల్లి గారు వరండా చివర బల్ల దగ్గర ఏదో రాసుకుంటోంది. సెలవు నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన సుభాషిణి, ఇంకో ఇద్దరు హౌస్ సర్జన్లు చుట్టూ నిలబడి ఉన్నారు. పైడిరాజు వెళ్లి సంగతి చెప్పాడు.

"ఏమంది?"

"వద్దంది మేడమ్."

ఎవరో కిసుక్కున నవ్వారు. పాత హాస్టల్ నవ్వు. పైడిరాజు చెవులు వేడెక్కాయి.

వేదవల్లి గారు పెన్నుకి మూత పెట్టింది. తలెత్తి అతన్ని చూసింది. అన్ని రోజుల్లో ఆమె నవ్వడం అతను చూసింది ఆ ఒక్కసారే.

"అయితే అడిగావన్నమాట" అంది.

లేచి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది.